సమ్మమ్మ మొక్కిన మే పువ్వు

వరంగల్ శివనగర్‌లో రైలు పట్టాల గోడ వెంబడి పోయే సందులోకి వచ్చి సమ్మమ్మ ఇల్లు ఏదంటే, డబ్బాల ఇల్లా అని ఎదురడుగుతారు. రెండు గదుల రేకుల ఇల్లు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు జరగాల్సినంత వాకిలి. ఆ వాకిలి నిండా పగిలిన బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు, చెవులూడిన గిన్నెలు. వాటిలో ఉన్నవన్నీ గడ్డలే. బజారులో లిల్లీ అని అమ్మే నేలసంపెంగ, మొదటి వానకు తలెత్తే వాన లిల్లీ, గోడ మూలన మెట్టతామర. విత్తనం వేసి పెంచే మొక్కల జోలికి సమ్మమ్మ పోదు. అవి పూసి, ఎండి, పీకేస్తే పోతాయి. గడ్డ అట్లా కాదు. ఉందో లేదో తెలియకుండా మన్నులో పడి ఉండి, ఎండలు మండే వేళకు తనంతట తానే లేచి వస్తుంది. అట్లా తిరిగి వచ్చేవంటేనే ఆమెకు ఇష్టం.

పుట్టిల్లు పరకాల దగ్గర ఒక పల్లె. పెళ్లయి వచ్చేటప్పుడు తల్లి పాత చీర ముక్కలో మూటగట్టి ఇచ్చిన గడ్డలే ఈ వాకిలి నిండా పిల్లలు పెట్టాయి. వాటితోపాటు తల్లి చెప్పిన పద్ధతి కూడా వచ్చింది. దీపావళి దాటి ఆకు పండుబారితే నీళ్లు ఆపాలి. పచ్చి ఆకును కోయకూడదు, ఎండేలోపు అది తన బలమంతా గడ్డకు దించుతుంది. గుంపుకట్టిన నేలసంపెంగను తవ్వి, విడదీసి, గాయమైన చోట బూడిద అద్ది, నీడన ఆరబెట్టి, ఉగాదికి ముందు మెడ పైకి కనబడేటట్టు నాటాలి. మే పువ్వు గడ్డకు అదీ అక్కర్లేదు. కుండీని చూరు కిందికి జరిపి మరిచిపోవాలి. చలికాలంలో ఎవరైనా దాన్ని ఖాళీ కుండీ అనుకుని చాయ్ గిన్నె కడిగిన నీళ్లు పోయబోతే, సమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచే కేకేసేది. పండుకున్న గడ్డకు నీళ్లు పోస్తే మురిగిపోతుందని ఆ సందులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె తిట్లు తినీ తినీ తెలిసింది.

మే పువ్వు కుండీ ఒక్కటే ఉండేది. ఏడాదిలో ఒక్కసారి, ఎండలు నడినెత్తికి వచ్చిన రోజుల్లో, ఉత్త మన్నులోంచి ముందు ఒక ఈటె మొనలాంటి మొగ్గ లేస్తుంది. వారం రోజులు అట్లాగే నిలబడి, ఒక పొద్దున ఎర్రటి బంతిలా విచ్చుకుంటుంది. మనిషి తలకాయంత పువ్వు. అది విచ్చిన రోజు సందులో ఆడవాళ్లందరూ ఒకసారి వచ్చి చూసిపోతారు.

మిగతా రోజుల్లో సమ్మమ్మ వైపు ఎవరూ చూసేది లేదు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. భర్త యాకయ్య ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి బస్తాలు దిగే కాలంలో ఆమె కూడా ఆ దగ్గర్లోని గోదాముకు తొడిమెలు తీసే పనికి పోతుంది. సాయంత్రానికి వేళ్లు నిప్పులు పట్టుకున్నట్టు మండుతాయి. ఇంటికి రాగానే చేతులకు మజ్జిగ రుద్దుకుని, కడుక్కుని, ఆ తర్వాతే డబ్బాల దగ్గర కూర్చుంటుంది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, కావ్య.

కావ్యకు చిన్నప్పుడు ఊరికే గొంతు నొప్పి, జ్వరం వచ్చేవి. మోకాళ్లు వాచేవి. ఎదిగే పిల్ల కదా అనుకున్నారు. పోయిన చలికాలంలో ఇంటర్ కాలేజీ మెట్లు ఎక్కుతూ ఆ పిల్ల సగంలో కూలబడిపోయింది. దవాఖానలో పరీక్షలన్నీ చేసి, గుండెలో ఒక కవాటం పాడైందని, మందులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చినా ఎండాకాలం దాటకముందే ఆపరేషన్ చేయాల్సిందేనని చెప్పారు. రేషన్ కార్డు మీద సర్కారే భరిస్తుంది కాబట్టి ఖర్చు గురించి భయం లేదన్నారు. ఛాతీ తెరవాలని డాక్టరు తన రొమ్ము మీద వేలితో పైనుంచి కిందికి గీత గీసి చూపించాడు. ఆ గీత సమ్మమ్మ కళ్లలోంచి పోలేదు.

ఆ రోజు ఇంటికి వస్తూ ఆమె అండర్ బ్రిడ్జి అవతల పోచమ్మ గుడి దగ్గర ఆటో ఆపించింది. తండ్రీ బిడ్డా ఆటోలోనే ఉన్నారు. తన దగ్గర దేవతకు ఇవ్వదగ్గది ఏముందని వెతుక్కుంటే ఆమెకు ఒక్కటే తోచింది. ఈ ఏడు తన ఇంట పూసే మే పువ్వు అమ్మకే అని మొక్కింది. అంతటితో ఆగితే బాగుండేది. ఉత్త పువ్వంటే తల్లి నమ్మదేమోనని ఇంకో మాట కలిపింది. ఆ పువ్వు నీ పాదాల దగ్గర పెట్టినాకనే పిల్లను కత్తి కిందికి పంపుతా అంది. అప్పటికి చలికాలం సగం కూడా గడవలేదు. ఎండలు ముదిరేసరికి పువ్వు రానే వస్తుంది, ఆపరేషనూ అప్పుడే కదా అని ధైర్యంగా అన్న మాటే అది.

మొక్కిన తర్వాత కుండీ ఆమెకు కుండీలా కనబడలేదు. చూరు కిందినుంచి తీసి ఇంటి ముందర పెట్టింది. అంచుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. మంగళవారం నాడు సాక పోసింది. బెల్లం కలిపి, వేపమండ వేసిన చెంబెడు నీళ్లు, అమ్మవారికి గుడి ముందర పోసినట్టే. తర్వాత శుక్రవారం కూడా పోసింది. సంక్రాంతి దాటాక కావ్యకు నాలుగడుగులు నడిస్తే ఆయాసం రావడం మొదలైంది, అప్పటినుంచి రోజూ పోసింది.

కావ్య గడపలో దిండ్లకు ఆనుకుని కూర్చుని అదంతా చూసేది.

"అమ్మా, పండుకున్న గడ్డకు నీళ్లు పొయ్యొద్దని అందరిని తిడ్తవ్. నువ్వేం చేస్తానవే?"

"నీళ్లు గాదు బిడ్డా, సాక."

"గది సాకని గడ్డకెట్ల తెలుస్తదే?"

సమ్మమ్మ చెంబు బోర్లించి, తడి మన్ను మీద మూడు వేళ్లు ఆనించి కళ్లకద్దుకుంది. ఆమెకు తెలియక కాదు. ఇంకో ఇంట్లో ఎవరైనా అట్లా పోస్తే చేతిలో చెంబు లాక్కునే మనిషి. కానీ ఎండు మన్నును చూస్తే దేవతను ఎండబెట్టినట్టు, తన బిడ్డ గొంతు ఎండబెట్టినట్టు అనిపించేది. పోస్తే ఒక పూట మనసు కుదుటపడేది. ఆ ఒక పూట కోసం పోసింది.

ఉగాది పోయింది. నేలసంపెంగ డబ్బాల్లో పచ్చటి మొలకలు లేచాయి. మెట్టతామర ఆకు విప్పింది. మే పువ్వు కుండీలో మాత్రం చీమలు బారు కట్టాయి. బెల్లానికి చీమలు రావడం మామూలేనని సమ్మమ్మ తనకు తానే చెప్పుకుంది.

ఆపరేషన్‌కు దవాఖాన వాళ్లు మొదటి తారీకు ఇచ్చినప్పుడు ఆమె రానంది. పువ్వు ఇంకా పూయలేదని చెబితే యాకయ్య మొదట నవ్వాడు, తమాషా అనుకుని. నిజమేనని అర్థమయ్యాక బతిమాలాడు. బెడ్డు ఇంకొకరికి పోయింది. మే నెల చివరలో మళ్లీ తారీకు ఇస్తాం, అప్పుడు కూడా తప్పిస్తే మా పూచీ లేదని చెప్పి పంపారు. ఆ సంగతి సందంతా పాకింది. పక్కింటి సావిత్రి, పొద్దున నీళ్లు పట్టుకునే చోట అందరూ వినేటట్టు, పూల పిచ్చి ఉన్నోళ్లను చూసినం గానీ పువ్వు కోసం పిల్లను ఆపినోళ్లను చూడలేదంది. సమ్మమ్మ బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది.

యాకయ్యతోపాటు బస్తాలు మోసే మొగిలయ్య పిల్లను చూడటానికి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. కుండీ చుట్టూ ఒకసారి తిరిగి, బొట్లు చూసి, సమ్మమ్మకు నచ్చజెప్పబోయాడు.

"పువ్వు పూయకుంటే పోచమ్మ వచ్చి డాక్టర్ చెయ్యి పట్టుకుంటదా చెల్లే? ఆమెకు వరంగల్ అంత పని ఉంటది. నీ కుండీ కాడ్నే కావలి కూసుంటదా?"

కావ్య పకపకా నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గి దగ్గి పెదాలు నీలంగా మారాయి. మొగిలయ్య బత్తాయిల సంచి అక్కడే పెట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు. అతను పోయాక యాకయ్య గొంతు పెంచాడు.

"పిల్ల పండుకుంటే ఊపిరాడక గోడకు ఒరిగి నిద్రపోతాంది. నువ్వు మన్ను ముంగట కూసున్నవ్."

"మొక్కిన నోరు నాది. తప్పితే పోయేది పిల్ల పానం," అంది సమ్మమ్మ. "నీకేం, నువ్వు మొక్కలేదు."

నిజంగానే అతను దేనికీ మొక్కలేదు.

ఒక మధ్యాహ్నం, కావ్య కునుకు తీస్తున్నప్పుడు, కుండీ మీదికి వంగిన సమ్మమ్మకు వాసన తగిలింది. పచ్చి వాసన కాదు. ఆమె చూపుడు వేలు మన్నులోకి దింపింది. గడ్డ ఉండాల్సిన చోట గట్టిగా ఏదీ తగల్లేదు. ఇంకొంచెం దించితే వేలు మెత్తగా లోపలికి దిగిపోయింది, మగ్గి చెడిన బొప్పాయిలోకి దిగినట్టు. వేలు బయటికి తీసింది. గోధుమరంగు జిగురు. చుట్టుపక్కల పిల్లగడ్డలేమైనా మిగిలాయేమోనని అరచేత్తో మన్నంతా కెలికింది. ఏదీ లేదు. కుండీ అడుగు దాకా బెల్లం నీళ్ల బురద.

ఆమె ఏడవలేదు. మన్ను మళ్లీ కప్పి, పైన చదును చేసి, చెరిగిన బొట్టు మళ్లీ పెట్టింది. పంపు దగ్గరికి పోయి చేతులు సబ్బుతో కడుక్కుంది. వాసన పోలేదు. మజ్జిగ రుద్దింది. అప్పుడు కూడా పోలేదు.

ఆ సాయంత్రం యాకయ్య అడిగితే ఇంకా నాలుగు రోజులు చూద్దామంది. తెల్లారి మళ్లీ సాక కలిపింది. చచ్చిన గడ్డ మీద, చచ్చిందని తెలిసి పోసింది. పోయకపోతే ఎందుకు మానేశావని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే, పువ్వు ఎట్లాగూ లేదు కదా పదమని పిల్లను ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. ఎక్కించాక అక్కడ ఏమైనా అయితే, పోచమ్మ తల్లి కాదన్నదని తెలిసి కూడా పంపినట్టవుతుంది. పంపకపోతే, ఈ గోడకు ఒరిగిన పిల్ల ఒకనాడు ఒరిగినట్టే ఉండిపోతుంది. ఎటు తిరిగినా ఆమె చేతులే. నీళ్లు పోసిందీ ఆ చేతులే, ఇప్పుడు పిల్లను పట్టి ఆపుతున్నదీ ఆ చేతులే. గోదాములో మిర్చి కుప్ప ముందర కూర్చుని తొడిమె ఏది, కాయ ఏది తెలియకుండా తుంచేది. పక్కన కూర్చున్నవాళ్లు ఆమె తీసినవి మళ్లీ ఏరుకునేవారు.

కావ్య పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి, పూడటానికి చాలాసేపు పట్టేది. ఒకరోజు ఆ పిల్ల తల్లిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. మొదట్లో నువ్వు ఆపితే నాకు కూడా సంబురమే అయింది అని మెల్లగా చెప్పింది. కోస్తారంటే భయమేసి, ఆ పువ్వు పూయకుంటే బాగుండని తాను కూడా అనుకుందట. ఇప్పుడు ఆ భయం లేదు, ఊపిరి కావాలని మాత్రం ఉందని చెప్పింది. సమ్మమ్మ బిడ్డ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, పడిన గుంటను బొటనవేలితో నిమురుతూ ఉండిపోయింది. గడ్డ మురిగిందని చెప్పేద్దామనుకుంది. చెప్పకుండానే లేచి పోయి సాక కలిపింది.

రెండో తారీకు ముందురోజు యాకయ్య పనికి పోలేదు. చీకటి విడవకముందే సైకిల్ తీసుకుని పోయాడు. ఎండెక్కాక వచ్చి, పొద్దంతా ఎవరితోనూ మాట్లాడకుండా మూలన పడుకున్నాడు. మర్నాడు పొద్దున సమ్మమ్మ తలుపు తీసి వాకిట్లోకి వచ్చేసరికి, కుండీలో మే పువ్వు విచ్చుకుని ఉంది.

ఎర్రటి బంతి. నిండుగా, ఒక్క రేకు వాడకుండా. పక్కన యాకయ్య నిలబడి ఉన్నాడు. తాను లేచేసరికే పూసి ఉందని చెప్పాడు. చెబుతున్నప్పుడు పువ్వు వైపు చూశాడు గానీ ఆమె వైపు చూడలేదు. కావ్య గడపలోంచి మెడ చాచి, అరే, పూసిందే అంది.

సమ్మమ్మ దగ్గరికి పోయి కూర్చుంది. తన కుండీలో ఉండేది నల్లమన్ను. కాడ మొదట్లో ఎర్రమన్ను ముద్ద కనబడుతోంది. అంచుకు రాసిన పసుపు మీద వేళ్ల గుర్తులున్నాయి, బస్తా కొక్కెం పట్టే మనిషి లావు వేళ్లవి. అసలు ఇవేవీ చూడక్కర్లేదు. నిన్న సాయంత్రం ఇక్కడ మొగ్గ లేదు. ఆమె తలెత్తి భర్తను చూసింది. అతను గోళ్లలోని మన్ను గీరుకుంటున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి అబద్ధం చెబితే ఇట్లా ఉంటాడని ఆమె అప్పుడే చూసింది.

ఒక్క మాట చాలు. ఇది నా ఇంట పూసింది కాదు అంటే అంతా ఆగిపోతుంది. దవాఖానకు పోవాల్సిన ఆటో సందు మొదట్లో హారన్ కొడుతోంది.

"పూసింది," అంది సమ్మమ్మ. "పిల్లకు చీర... కాదు, ఆ వదులు డ్రెస్ తొడుగు. నేను గుడికాడికి నడుచుకుంట పోయి అస్త."

కాడ తుంచి కొంగులో పట్టుకుని, చెప్పులు లేకుండా, అండర్ బ్రిడ్జి దాటి పోచమ్మ ముందర నిలబడింది. పువ్వును పాదాల దగ్గర పెట్టింది. మొక్కు చెల్లించేవాళ్లు చెప్పే మాటలు చెప్పలేదు. ఎవరూ దగ్గర లేరని చూసుకుని, గడపకు నుదురు ఆనించింది.

"నీకెరుకనే తల్లీ, ఇది నాది గాదు. పిల్లకేం తెల్వదు. ఆయన గూడ పిల్ల కోసమే చేసిండు. లెక్కేదన్న ఉంటే నాతోని చూసుకో."

మళ్లీ వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

కావ్యను లోపలికి తీసుకుపోయాక ఇద్దరూ ఆపరేషన్ గదుల వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. యాకయ్య చాయ్ తెచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుని తాగకుండా చల్లార్చింది. పొద్దు బాగా ఎక్కింది. కావ్య లోపలికి పోయిన తలుపు తెరుచుకోలేదు. అప్పుడు సమ్మమ్మ, ఎదురుగోడ వైపు చూస్తూనే, అడిగింది.

"ఎవలింట్లది?"

యాకయ్య అర్థం కానట్టు ముఖం పెట్టాడు.

"ఏది?"

"పువ్వు."

అతను తల దించుకున్నాడు. "నీకెట్ల తెలిసింది?"

"మొగ్గేసి వారం నిలబడ్డంకనే అది విచ్చుకునేది. స్విచ్చేస్తే ఎలిగే కరెంటు బుగ్గనా?"

యాకయ్య ముఖం తుడుచుకున్నాడు. వరంగల్ కోట లోపలి ఊళ్లో ఇంటింటి గేటు కొట్టానని చెప్పాడు. మీ ఇంట్లో ఎర్రపువ్వు గడ్డ ఉందా అని అడిగితే ఒకామె దొంగ అనుకుని కుక్కను వదిలిందట. ఇంకొకాయన, పొద్దుపొద్దున్నే తాగినవా అన్నాడట. చివరికి ఒక ముసలావిడ, ఎందుకని కూడా అడగకుండా, కుండీ పక్కకు వంచి వేళ్లతోపాటు తీసి సంచిలో పెట్టి ఇచ్చిందట. పొద్దంతా దాన్ని సావిత్రి వాళ్ల బాత్రూం వెనక దాచిపెట్టానని, ఆ సంగతి సావిత్రికి తెలుసని, ఆమె ఒక్క మాట కూడా అనలేదని చెప్పాడు.

"మన కుండీల ఏమున్నది?" అని అడిగింది సమ్మమ్మ.

"ఏం లేకుండె."

అతనే మళ్లీ అన్నాడు.

"మురిగి ఉండె. నీకు తెలుస్తే ఇగ పిల్లను తోలవని, ఎత్తి పట్టాల పొంటి పారబోసిన."

"నాకు అంతకుముందే తెలుసు."

యాకయ్య ఆమె వైపు తిరిగాడు. తెలిసి కూడా పొద్దున్నే పూసిందని ఎట్లా అన్నావని అడగబోయాడు. అంతలో లోపలి తలుపు తెరుచుకుని నర్సు బయటికి వచ్చింది. రక్తం ఇంకా కావాలని, పిల్ల తాలూకు ఎవరిస్తారో తొందరగా రమ్మని చెప్పింది.

యాకయ్య లేచేలోపే సమ్మమ్మ లేచింది. చేతిలో గ్లాసు కిందపడి దొర్లింది. జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుంటూ నర్సు ముందుకు పోయింది. నర్సు ఆమె ముఖం చూసి, కంటి కింది రెప్ప లాగి చూసి, ముందు పరీక్ష చేయాలి, నీ ఒంట్లోనే రక్తం ఉన్నట్టు లేదు, ఆయన్ను రానివ్వమంది.

"ఉన్నది. నాదే తీసుకోండ్రి," అంది సమ్మమ్మ. "ఆ తల్లి అడిగింది నన్ను."

నర్సుకు ఆ మాట అర్థం కాలేదు. యాకయ్య పక్కనే వచ్చి నిలబడినా సమ్మమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. నర్సు వాదించే ఓపిక లేక ఇద్దరినీ రమ్మంది. వేలికి గుచ్చి చూస్తే రక్తం సరిగ్గా సరిపోయేటంతే ఉంది, వద్దనడానికి లేదు. మంచం మీద పడుకోబెట్టి సూది గుచ్చారు. సమ్మమ్మ కళ్లు మూసుకోలేదు. గొట్టంలో ఎరుపు దిగుతుంటే, అది ఎక్కడా ఆగకుండా చూడాలన్నట్టు గుప్పిట మూస్తూ తెరుస్తూ ఉంది. సంచి నిండాక నర్సు సూది తీసి, దూది పెట్టి చెయ్యి మడవమంది.

సమ్మమ్మ చెయ్యి మడవలేదు. రెండో చెయ్యి కూడా చాపింది.

"ఇంకా గావాల్నా అమ్మా?" అని అడిగింది.